తంతు లేని అంత్యక్రియలు: ముందే తేల్చుకోవలసిన సంగతులు

ఆచారం ప్రకారం జరిగే చావులో కుటుంబం తేల్చుకోవలసినవి చాలా తక్కువ. పాడె ఎవరు కట్టాలి, కుండ ఎవరు పట్టాలి, దింపుడు కళ్ళం దగ్గర చెవిలో పేరు పెట్టి ఎవరు పిలవాలి, తలకొరివి ఎవరిది, చిన్నకర్మ ఏనాడు, పెద్దకర్మ ఏనాడు అన్న ప్రశ్నలన్నిటికీ వాడుకలో జవాబు సిద్ధంగా ఉంటుంది. ఎక్కడైనా సందేహం వస్తే పురోహితుడో, కులపెద్దో, ఇలాంటివి పదిచోట్ల చూసిన ఊరి పెద్దమనిషో తీరుస్తాడు. దుఃఖంలో ఉన్న ఇంటివారు కూర్చోమన్నచోట కూర్చుని, లేవమన్నప్పుడు లేస్తే సరిపోతుంది. తంతు వద్దనుకున్న కుటుంబానికి ఈ వెసులుబాటు లేదు. తంతును పక్కన పెట్టినా అంతవరకు అది మోస్తూ వచ్చిన నిర్ణయాలు అలాగే మిగిలి ఉంటాయి. వాటిని ఎవరో ఒకరు, చాలామటుకు చావుకు ముందే, తీసుకొని ఉండాలి. అందుకే నిరాడంబరమైన దహనాన్ని గాని ఖననాన్ని గాని కోరుకునేవారు ఆ కోరికను నలుగురిలో ఒకసారి చెప్పి ఊరుకుంటే అది నెరవేరకపోయే అవకాశమే ఎక్కువ.

దీనికి దేశమంతటికీ తెలిసిన ఉదాహరణ జవహర్‌లాల్ నెహ్రూది. తన మరణానంతరం మతపరమైన కర్మలేవీ జరపవద్దని ఆయన 1954లో రాసిన వీలునామాలో స్పష్టంగా పేర్కొన్నారు. చితాభస్మంలో పిడికెడు గంగలో కలిపి, మిగిలినదానిలో ఎక్కువ భాగాన్ని విమానం నుంచి రైతులు చెమటోడ్చే పొలాలపై వెదజల్లమని కూడా రాశారు. 1964 మే 27న ఆయన కన్నుమూయగా, మరునాడు యమున ఒడ్డున దహనం పురోహితుల మంత్రాల నడుమ హిందూ సంప్రదాయం ప్రకారమే జరిగింది. కొద్ది రోజుల తరువాత భస్మాన్ని మాత్రం ఆయన కోరినట్టే గంగలోనూ, పొలాలపైనా చల్లారు. ఒకే పత్రంలోని రెండు కోరికల్లో ఒకటి చెల్లి, మరొకటి చెల్లకపోవడానికి రాజకీయ కారణాలు ఉండవచ్చు గాని, సాధారణ కుటుంబాలు గమనించవలసిన తేడా ఒకటి ఆ రాతలోనే కనిపిస్తుంది. భస్మాన్ని ఏం చేయాలో ఆయన చెప్పారు. కర్మల విషయంలో ఏం చేయకూడదో మాత్రమే చెప్పారు. వద్దన్నచోట ఏర్పడిన ఖాళీని ఆచారం వెంటనే నింపేసింది. తంతు లేని అంత్యక్రియలను కోరేవారు ‘వద్దు’ల జాబితాతో ఆగిపోకుండా, ఆ రోజు గంట గంటకూ ఏం జరగాలో రాసిపెట్టవలసిన అవసరం ఇక్కడినుంచే పుడుతుంది.

తంతు లేకపోవడం అందరికీ ఒకే అర్థంలో ఉండదు. కొందరు పురోహితుణ్ణి, మంత్రాలను మాత్రమే వదులుకొని కొడుకో కూతురో నిప్పు పెట్టడాన్ని ఉంచుకుంటారు. కొందరు దహనం వరకు ఒప్పుకొని, ఆ తరువాతి అపరకర్మలను, అంటే మూడో రోజు నుంచి పన్నెండో రోజు దాకా, ఆపైన నెలనెలా మాసికాలుగా, ఏడాదికి తద్దినంగా సాగే కర్మకాండను వద్దంటారు. మరికొందరు వైద్య కళాశాలకు దేహాన్ని అప్పగించి అసలు శ్మశానానికే వెళ్ళరు. విజయవాడలో నాస్తిక కేంద్రాన్ని నడిపిన గోరా కుటుంబం వంటి హేతువాద కుటుంబాలకూ, కమ్యూనిస్టు కుటుంబాలకూ తంతు లేకపోవడం చాలాకాలంగా అలవాటైన దారే గాని, నేడు దీనిని కోరేవారిలో దేవుణ్ణి నమ్మేవారూ, కేవలం ఖర్చుకూ హడావిడికీ వెరచేవారూ, దూరదేశాల్లో ఉన్న పిల్లలను ఇబ్బంది పెట్టడం ఇష్టంలేనివారూ కూడా ఉన్నారు. ఎవరు ఏ అర్థంలో కోరుతున్నారో ఇంట్లో స్పష్టంగా మాట్లాడుకోకపోతే, దహనం రోజున ఒకే ఇంట్లో ఇద్దరు కొడుకులు తండ్రి మాటకు రెండు భాష్యాలు చెప్పే పరిస్థితి వస్తుంది.

చట్టం విషయంలో భయపడవలసినది ఏమీ లేదు. కర్మ జరిపి తీరాలని నిర్బంధించే చట్టం దేశంలో లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం అడిగేది మరణాన్ని నమోదు చేయించమని మాత్రమే, స్థానిక సంస్థల నిబంధనలు అడిగేది అనుమతి ఉన్న స్థలంలోనే దహనమో ఖననమో జరపమని మాత్రమే. పల్లెల్లో ఇప్పటికీ వినిపించే మరో భయం ఆస్తికి సంబంధించినది: కొరివి పెట్టినవాడికే వాటా అని, పెట్టనివాడి హక్కు పోతుందని పెద్దలు హెచ్చరిస్తుంటారు. పిండం పెట్టే అర్హతను వారసత్వంతో ముడిపెట్టిన వాదం పాత ధర్మశాస్త్రంలో, ముఖ్యంగా బెంగాల్ ప్రాంతంలో చెల్లిన దాయభాగ పద్ధతిలో ఉన్నమాట నిజమే. తెలుగునాట చెల్లిన మితాక్షర పద్ధతి రక్తసంబంధపు దగ్గరితనాన్నే ప్రధానంగా చూసింది. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాక ఆ చర్చకే తావు లేదు. కొరివి పెట్టిన అన్నకూ, పెట్టని తమ్ముడికీ, శ్మశానం ముఖమే చూడని చెల్లెలికీ హక్కులో తేడా రాదు.

చట్టం నిజంగా చిక్కు తెచ్చేది వేరొక చోట. మృతదేహం ఎవరి ఆస్తీ కాదన్నది న్యాయశాస్త్రంలో పాత సూత్రం కాబట్టి, ఇంటినో పొలాన్నో రాసి ఇచ్చినట్టు సొంత దేహాన్ని వీలునామాలో ఎవరికీ రాసి ఇవ్వడం కుదరదు. ఆచరణలో నిర్ణయం దగ్గరి బంధువుల చేతిలోనే ఉంటుంది. పైగా వీలునామాను బయటికి తీసేది సాధారణంగా పదకొండో రోజు దాటాకనే. బ్యాంకు లాకరులో భద్రపరచిన అంత్యక్రియల కోరిక చదివేసరికి చితి చల్లారి వారాలై ఉంటుంది. ఈ కారణంగా ఆ కోరికను ఒకే పేజీలో, సొంత దస్తూరితో రాసి, తేదీ వేసి, ఇద్దరు సాక్షులతో, వారిలో ఒకరు దగ్గరి బంధువై ఉండేలా సంతకాలు చేయించి, ఆధార్ కార్డు, ఆసుపత్రి ఫైలు ఉండే సంచిలోనే దానిని ఉంచడం మేలు. ప్రతులు జీవిత భాగస్వామికి, పిల్లలకు, ఇంటికి దగ్గరలో ఉండే ఒక స్నేహితుడికి ముందే చేరాలి. ఆ పేజీలో ఆదర్శాల వివరణ కన్నా ఏర్పాట్లు ఎక్కువ ఉండాలి: దహనమా, ఖననమా, దేహదానమా, ఏ శ్మశానవాటికలో, ఎవరి మాట చివరిమాట, దేహంపై ఏ బట్ట, దహనయంత్రం మీట ఎవరు నొక్కాలి లేదా నిప్పు ఎవరు పెట్టాలి, అస్థికలు ఏం చేయాలి, బంధువులకు ఏమని కబురు పంపాలి, ఖర్చుకు డబ్బు ఎక్కడుంది. వీటన్నిటిలోనూ చివరిమాట ఎవరిదన్నదే ముఖ్యం. ఆ పేరు రాయని కాగితం, ఎంత చక్కగా రాసినా, పెదనాన్నగారి గొంతు ముందు నిలవదు.

మరణం ఇంట్లో జరిగితే మొదటి గంటల్లో చేయవలసినది వైద్యుణ్ణి పిలిపించడం. చివరి జబ్బులో చికిత్స చేస్తూ వచ్చిన వైద్యుడు మరణ కారణాన్ని ధ్రువీకరిస్తూ రుసుము తీసుకోకుండా పత్రం ఇవ్వాలని నమోదు చట్టం చెబుతుంది; ఇంట్లో జరిగిన మరణానికి వాడే ఆ నమూనాను 4ఏ ఫారం అంటారు, ఆసుపత్రిలో అయితే 4వ ఫారం. ఏ వైద్యుడూ చూడకుండా వృద్ధాప్యంతో పోయినవారి విషయంలో ఈ కాగితం కోసం ఆ పూట తిరగడం కష్టం కాబట్టి, మంచాన పడిన పెద్దవారు ఉన్న ఇళ్ళలో దగ్గరలోని వైద్యుడొకరు వారిని అప్పుడప్పుడు చూస్తూ ఉండేలా చేసుకోవడం ఒక్క వైద్యానికే కాక దీనికీ అవసరం. ప్రమాదం, ఆత్మహత్య, అనుమానాస్పద మరణం అయితే కుటుంబం నిర్ణయాలన్నీ ఆగిపోతాయి. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 194వ సెక్షన్ ప్రకారం పోలీసులు శవ పంచనామా, అంటే సాక్షుల ముందు దేహాన్ని పరిశీలించి మరణం ఎలా జరిగిందో రాసే నివేదిక, తయారు చేసి, అవసరమైతే పోస్టుమార్టానికి పంపుతారు. ఆ తరువాతనే దేహాన్ని అప్పగిస్తారు. పోలీసులకు చెప్పకుండా త్వరగా దహనం చేసేయమని సలహా ఇచ్చే బంధువు ప్రతి ఇంటికీ ఒకరుంటారు. ఆ సలహా పాటిస్తే కుటుంబం మీద సాక్ష్యం నాశనం చేసిన నేరం పడుతుంది. బీమా సొమ్ము సంగతి సరేసరి.

కళ్ళు దానం చేయాలన్న కోరిక ఉంటే గడువు ఆరు గంటలే. నేత్రనిధికి ఫోను చేసిన వెంటనే కనురెప్పలు మూసి, వాటిపై తడి దూది ఉంచి, తల కింద దిండు పెట్టి, ఫ్యాను ఆపివేయాలి. ఫ్యాను గాలికి కంటి పైపొర ఎండిపోతుంది. హైదరాబాద్‌లోని ఎల్‌.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు చెందిన రామాయమ్మ అంతర్జాతీయ నేత్రనిధి వంటి సంస్థల సిబ్బంది ఇంటికే వచ్చి కార్నియా, అంటే నల్లగుడ్డు ముందుండే పారదర్శకమైన పొర, తీసుకుంటారు. ముఖం వికృతమవుతుందన్న భయం అక్కర్లేదు. ఆ తరువాత దహనానికైనా ఖననానికైనా ఏ అడ్డూ ఉండదు.

దేహాన్ని ఎంతసేపు ఉంచాలన్నది ఇళ్ళలో పెద్ద తగవుకు కారణమయ్యే ప్రశ్న. పెద్దకొడుకు అమెరికా నుంచి వచ్చేదాకా ఆపడం కోసం ఫ్రీజర్ బాక్సు అద్దెకు తెచ్చి, రెండు మూడు రోజులపాటు హాలులో పెట్టి, వచ్చిన ప్రతివారికీ జరిగినదంతా మళ్ళీ మళ్ళీ చెబుతూ ఇంటివారు సొమ్మసిల్లడం నేడు సర్వసాధారణమైంది. తంతు లేని పద్ధతిలో ఉన్న గొప్ప సౌలభ్యం ఇక్కడే ఉంది గాని దానిని వాడుకునేవారు తక్కువ. దేహానికి సంబంధించిన పనిని, మనుషులు కలుసుకునే పనిని వేరు చేయవచ్చు. దహనం అదే రోజున నలుగురైదుగురితో ముగించి, సంస్మరణ సభను కొడుకు వచ్చాక, అందరికీ వీలైన ఆదివారంనాడు పెట్టుకుంటే ఎవరూ పరుగెత్తనక్కర్లేదు. అయితే చివరిచూపు కావాలన్న మనిషికి దానిని కాదనడం సిద్ధాంతం పేరుతో చేసే దౌర్జన్యం అవుతుంది. ఈ విషయాన్ని దూరాన ఉన్న పిల్లలను ముందే అడిగి, వారి జవాబును కూడా ఆ పేజీలో రాసిపెట్టడం న్యాయం.

ప్రభుత్వాసుపత్రిలో చనిపోయినవారి దేహాన్ని ఇంటికి చేర్చడానికి ఆంధ్రప్రదేశ్‌లో మహాప్రస్థానం పేరుతోనూ, తెలంగాణలో పార్థివ వాహనాల పేరుతోనూ ఉచిత వాహనాలు ఉన్నాయి. వాటి కోసం ఆసుపత్రి కార్యాలయంలో అడగాలి. పట్టణాల్లో పురపాలక సంస్థలూ, సేవా సంస్థలూ నడిపే వైకుంఠ రథాలు కూడా దొరుకుతాయి. పూలతో, మైకుతో అలంకరించిన వాహనం వద్దనుకుంటే ఫోనులోనే చెప్పాలి, లేకపోతే అలంకరించుకునే వస్తుంది.

దహనంలో కట్టెల చితికి 400 నుంచి 500 కిలోల కట్టెలూ, కొన్ని గంటల సమయమూ పడతాయి. అస్థికల కోసం మరునాటిదాకా ఆగాలి. విద్యుత్తుతోగాని గ్యాస్‌తోగాని నడిచే దహనయంత్రంలో కొలిమి 800 డిగ్రీల సెల్సియస్ దాకా, ఒక్కొక్కప్పుడు అంతకు మించి వేడెక్కి, గంట నుంచి రెండు గంటల్లో పని పూర్తిచేస్తుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో ఈ సదుపాయం ఉంది. తెలంగాణలో పల్లె ప్రగతి కార్యక్రమం కింద గ్రామ పంచాయతీల్లో కట్టిన వైకుంఠధామాల్లో కట్టెల దహనానికి వేదిక, నీళ్ళు, స్నానాల గదులు ఉండేలా ఏర్పాటు చేశారు. తంతు వద్దనుకునేవారికి దహనయంత్రమే అనువైనది, ఖర్చు తక్కువ కావడం ఒక్కటే దానికి కారణం కాదు: చితి చుట్టూ తిరగడానికి, తలవైపు నిప్పు పెట్టడానికి, కపాలమోక్షానికి అక్కడ చోటే ఉండదు కాబట్టి సగం వాదన అక్కడికక్కడే సద్దుమణుగుతుంది.

అయినా వాటికలో అడుగు పెట్టగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటుంటుంది: కుండ ఎవరు పడతారు? కాటికాపరి దానిని దురుద్దేశంతో అడగడు. రోజూ అడిగే మాట అది. ఇంటివారు ముఖముఖాలు చూసుకుంటున్నంతలో ఎవరో ఒక మేనల్లుడి భుజాన నీళ్ళకుండ ఎక్కుతుంది, వెనకనుంచి కత్తితో చిల్లి పడుతుంది, మూడు చుట్లూ మొదలవుతాయి. అందువల్ల దేహం చేరకముందే ఒకరు వెళ్ళి కార్యాలయంలో రసీదు రాయించుకొని, కాటికాపరితో విడిగా, మర్యాదగా, “ఏ కార్యక్రమమూ లేదు, పది నిమిషాలు మౌనంగా నిలబడతాం, ఆ తరువాత లోపలికి పంపండి, మీకు ఇవ్వవలసినది ఎప్పటిలాగే ఇస్తాం” అని చెప్పి ఉండాలి. ఆ చివరి వాక్యాన్ని మరిచిపోకూడదు. కాటికాపరికి, డప్పు కొట్టేవారికి, చాకలికి, మంగలికి చావు ఇంటి నుంచి అందే మొత్తం తరతరాలుగా వారి బతుకులో భాగం. తంతును వదులుకున్న కుటుంబం ఆ తంతుతో ముడిపడిన కూలిని కూడా మిగుల్చుకుంటే అది సంస్కరణ అనిపించుకోదు, పిసినారితనం అవుతుంది. శ్మశానంలో రుసుము మాట ఎత్తడం కొందరికి చిన్నతనంగా తోస్తుంది గాని, సత్య హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను చూస్తూ పెరిగిన తెలుగువారికి అది మరీ కొత్త మాటేమీ కాదు.

దహనయంత్రం దగ్గర పాటించవలసిన కొన్ని జాగ్రత్తలు సాంకేతికమైనవి. గుండె లయను సరిచేయడానికి ఛాతీలో అమర్చే పేస్‌మేకర్ ఉంటే దానిని వైద్యునితో ముందే తీయించాలి, దాని బ్యాటరీ వేడికి పేలి కొలిమిని దెబ్బతీస్తుంది. నగలు, కళ్ళజోడు, ప్లాస్టిక్ కవర్లు, గాజు సీసాలు, రబ్బరు చెప్పులు లోపలికి పోకూడదు. నూలు బట్ట, కాసిని పూలు చాలు. నెయ్యి, గంధపు చెక్క అక్కడ అవసరం లేదు. మొదటి దహనానికి ముందు కొలిమి వేడెక్కడానికి సమయం పడుతుంది కాబట్టి వచ్చే వేళను ముందుగా ఫోనులో ఖాయం చేసుకోవడం మంచిది, ఆ రోజు కరెంటు ఉందో లేదో, యంత్రం పనిచేస్తోందో లేదో అడగడం ఇంకా మంచిది. దేహాన్ని పట్టాల మీది ట్రాలీపై పడుకోబెట్టాక తలుపు పైకి లేస్తుంది, ట్రాలీ లోపలికి వెళ్ళి ఖాళీగా తిరిగివస్తుంది, తలుపు దిగుతుంది. ఇదంతా నిమిషంలోపే అయిపోతుంది. చితి ముందు గంటసేపు నిలబడే అలవాటున్నవారికి ఈ వేగం మొహం మీద తలుపు వేసినట్టు అనిపిస్తుందని తెలిసి, మౌనమైనా, నలుగురు రెండేసి మాటలు చెప్పుకోవడమైనా, పోయినవారికి ఇష్టమైన పద్యమో పాటో పాడుకోవడమైనా ట్రాలీ కదలకముందే జరిగేలా చూసుకోవాలి. ఆడవారు శ్మశానానికి రాకూడదన్నది ఆచారమే గాని చట్టం కాదు. భార్య రావాలనుకుంటే, కూతురు మీట నొక్కాలనుకుంటే అడ్డుచెప్పే అధికారం ఎవరికీ లేదు.

ఖననం హిందువులకు కొత్త అనుకోవడం పొరపాటు. లింగాయతులు కూర్చున్న భంగిమలో సమాధి చేస్తారు. దళిత కుటుంబాల్లోనూ, అనేక వెనుకబడిన కులాల్లోనూ పూడ్చడమే వాడుక. పసిపిల్లలను, సన్యాసులను దాదాపు అన్ని కులాలవారూ పూడుస్తారు. సొంత పొలంలో పూడ్చడం పల్లెల్లో చూస్తున్నదే అయినా, అది హక్కు అనుకోరాదు, స్థానిక సంస్థ అనుమతి ముందుగా తీసుకోవాలి. ఛత్తీస్‌గఢ్‌లో ఒక క్రైస్తవ కుటుంబం తమ గ్రామంలోనో, సొంత భూమిలోనో తండ్రిని పూడ్చుకోవడానికి అనుమతి కోరగా, 2025 జనవరి 27న సుప్రీంకోర్టు ధర్మాసనంలోని ఇద్దరు న్యాయమూర్తులు రెండు రకాల తీర్పులు చెప్పి, వారాల తరబడి శవాగారంలో ఉన్న దేహాన్ని మరి ఆపరాదన్న ఉద్దేశంతో, వేరే ఊరిలో క్రైస్తవులకు కేటాయించిన శ్మశానంలో ఖననం చేయమని ఆదేశించారు. స్థలం తేల్చుకోకుండా పోయినవారి కుటుంబం ఎంతదూరం వెళ్ళవలసిరావచ్చో ఆ కేసు చెబుతుంది. ముస్లింల ఖబరస్తానులు మసీదు కమిటీల, వక్ఫ్ సంస్థల అధీనంలోనూ, క్రైస్తవ శ్మశానాలు ఎక్కువగా చర్చిల అధీనంలోనూ ఉంటాయి కాబట్టి, ఆ మతాల్లో పుట్టి ప్రార్థనలు వద్దనుకునేవారికి అక్కడ స్థలం దొరకడం కష్టం కావచ్చు. వారు ప్రభుత్వ శ్మశానవాటికనో, దేహదానాన్నో ఎంచుకొని ఉండాలి. ఇస్లాంలో ఖననం స్వతహాగానే నిరాడంబరం, స్నానం చేయించి, కఫన్ అనే కుట్టులేని తెల్లబట్ట చుట్టి, నమాజు చేసి, వీలైనంత త్వరగా మట్టికి అప్పగిస్తారు. ఖర్చు తగ్గించుకోవాలనుకునే ఇతరులకు అందులో నేర్చుకోదగినది చాలా ఉంది.

దేహదానానికి వైద్య కళాశాలలోని అనాటమీ విభాగాన్ని సంప్రదించి, కుటుంబ సభ్యుల సంతకాలతో అంగీకార పత్రం ముందే ఇవ్వాలి. 2024 సెప్టెంబర్ 12న మరణించిన కమ్యూనిస్టు నాయకుడు సీతారాం ఏచూరి దేహాన్ని కుటుంబం ఢిల్లీ ఎయిమ్స్‌కు బోధన, పరిశోధనల కోసం అప్పగించినప్పటి నుంచి తెలుగు కుటుంబాల్లో ఈ మాట మరికొంత వినబడుతోంది. అయితే పత్రం ఇచ్చినంత మాత్రాన కళాశాల తీసుకుని తీరుతుందని అనుకోకూడదు: పోస్టుమార్టం జరిగిన దేహాన్ని, హెచ్‌ఐవీ, హెపటైటిస్ వంటి అంటువ్యాధులున్న దేహాన్ని, పాడవడం మొదలైన దేహాన్ని సాధారణంగా నిరాకరిస్తారు. కాబట్టి దేహదానం రాసినవారు ఆ పేజీలోనే, కుదరకపోతే ఫలానా వాటికలో దహనం అని రెండో దారిని కూడా రాయాలి. తిరస్కరణ కబురు సాయంత్రం ఏడు గంటలకు వస్తే, అప్పుడు మొదలయ్యే చర్చలో గెలిచేది ఎప్పుడూ ఆచారమే.

దహనం తరువాత పెద్దవారి విషయంలో మిగిలేది రెండు మూడు కిలోల అస్థికలు. నదిలో కలపాలన్న నిర్బంధం లేదు. చెట్టు మొదట్లో పాతవచ్చు, పొలంలో చల్లవచ్చు, వాటిక సిబ్బందికే వదిలేయవచ్చు. వదిలేయాలన్నది నిర్ణయమైతే దానిని కూడా రాసిపెట్టాలి. లేకపోతే రసీదు చేతిలో పట్టుకొని మరునాడు వాటికకు వెళ్ళిన మనిషి, తీసుకోకుండా వస్తే నలుగురూ ఏమంటారోనని తెచ్చి, ఎక్కడ కలపాలో తెలియక బీరువా పైన పెట్టడం జరుగుతుంది.

ఇతర దేశాల్లో ఉన్న తెలుగువారికి ఈ పద్ధతి కొన్నిచోట్ల స్వదేశంలోకన్నా సులభం. అమెరికాలో ఏ సభా ఏ అలంకరణా లేకుండా దేహాన్ని నేరుగా దహనానికి పంపే ఏర్పాటును డైరెక్ట్ క్రిమేషన్ అంటారు; 1984 నుంచి అమలులో ఉన్న ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం అంత్యక్రియల సంస్థలు అడిగినవారికి విడివిడి ధరల పట్టిక చూపాలి, దహనానికి ఖరీదైన శవపేటిక తప్పనిసరి అని చెప్పకూడదు. ఈ సంగతి తెలియక, దుఃఖంలో అడిగినంతా కట్టిన కుటుంబాలు తక్కువేమీ కాదు. దేహాన్ని భారతదేశానికి పంపాలంటే మరణ ధ్రువపత్రం, దేహం పాడవకుండా రసాయనాలు ఎక్కించినట్టు ఎంబామింగ్ పత్రం, రాయబార కార్యాలయపు అనుమతి, రద్దు చేసిన పాస్‌పోర్టు కావాలి. అక్కడే దహనం జరిపి అస్థికలు పంపడం ఎన్నో రెట్లు తేలిక.

నమోదు సంగతి చివరికి మిగులుతుంది గాని దానికీ గడువుంది. మరణం జరిగిన చోటనే నమోదు జరగాలి, సొంతూరిలో కాదు: నల్లగొండ జిల్లా మనిషి హైదరాబాద్ ఆసుపత్రిలో పోతే నమోదు హైదరాబాద్‌లోనే, ఆసుపత్రి ద్వారానే జరుగుతుంది, ఇంట్లో పోతే కుటుంబమే చెప్పాలి, గ్రామాల్లో పంచాయతీ కార్యదర్శికి, పట్టణాల్లో పురపాలక కార్యాలయంలో. 21 రోజుల లోపు చెబితే రుసుము లేదు. 30 రోజుల దాకా ఆలస్య రుసుముతో, ఏడాది దాకా పై అధికారి లిఖితపూర్వక అనుమతితో, ఆపైన మేజిస్ట్రేటు ఉత్తర్వుతో జరుగుతుంది. కర్మకాండ జరిపే ఇళ్ళలో పన్నెండో రోజు వచ్చిన బంధువుల్లో ఎవరో ఈ కాగితాన్ని గుర్తుచేస్తారు. కర్మకాండ లేని ఇంట్లో గుర్తుచేసేవారు ఉండరు కాబట్టి దహనవాటిక రసీదును, వైద్యుని పత్రాన్ని, ఆధార్ నకలును ఒకే కవరులో పెట్టి, ఆ వారంలోనే ఒకరికి ఆ పని అప్పగించాలి. పేరులోని అక్షరాలు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉన్నా బ్యాంకులోనూ, బీమా కార్యాలయంలోనూ, మీసేవలో కుటుంబ సభ్యుల ధ్రువీకరణకు వెళ్ళినప్పుడూ తిప్పుతారు.

ఇక బంధువులకు పంపే కబురు. “కర్మలు జరపడం లేదు” అని మాత్రమే రాస్తే అది వారికి గద్దింపులా వినిపిస్తుంది, పదిమంది ఫోను చేసి కారణం అడుగుతారు. “నాన్నగారి కోరిక ప్రకారం ఈ రోజు మధ్యాహ్నం దహనం పూర్తయింది. కర్మలు ఏవీ లేవు. వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం పది గంటలకు ఇంట్లో అందరం కలుసుకుని ఆయనను తలచుకుంటాం, అక్కడే భోజనం” అన్నంత స్పష్టంగా ఉంటే చాలామంది దానితో సర్దుకుంటారు. సర్దుకోనివారిలో ఎక్కువమంది తల్లిదండ్రుల తరంవారు. మైల పట్టే, తద్దినం పెట్టే ఆ పెద్దలు తమ ఇంట్లో తమ ఇష్టప్రకారం ఏదైనా జరుపుకుంటామంటే అభ్యంతరం చెప్పవలసిన పని లేదు, చనిపోయినవారి కోరిక వారి దేహానికీ ఇంటికీ సంబంధించినది, బంధువుల ఇంటి పూజగదికి సంబంధించినది కాదు. ఇంత చెప్పినా పదకొండో రోజు పొద్దున్నే కొందరు వస్తారు, వాడుక ప్రకారం కాళ్ళు తీసుకువచ్చేస్తాయి. ఆ రోజు ఎవరూ సెలవు పెట్టనక్కర్లేదు గాని, ఇంట్లో ఒకరైనా ఉండి, కాఫీ ఇచ్చి, కాసేపు కూర్చోబెట్టి మాట్లాడి పంపేలా చూసుకోవాలి.